మూడు వేళ్ల ఖాళీ

లేబుళ్లాయన ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేశాడు. అయినా ఆ బడిలో పాఠాలు చెప్పిన పంతుళ్లందరూ కలిసి రాసినదానికన్నా అతను రాసిందే జనం ఎక్కువ చదివారు. జుట్టునూనె సీసా మీద, బొద్దింకల మందు మీద, పసిపిల్లల పౌడరు మీద ఊళ్లోవాళ్లు చదివి తలూపేదంతా చాలావరకు అతని రాతే. సంతకం మాత్రం ఉండదు.

అతని ప్రెస్సు రెండు గదులు. ముందు గదిలో కంప్యూటరు, చెయ్యి విరిగిన కుర్చీ. వెనక గదిలో లేబుళ్లు అచ్చువేసే మిషను, గోడ పొడవునా స్టిక్కరు కాగితం, ఎప్పటికీ వదలని సిరా వాసన. సరుకు చేసేవాళ్లు వచ్చి ఆ కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చుంటారు. సరుకు పేరు చెబుతారు, చిరునామా చెబుతారు. అక్కడితో వాళ్ల దగ్గరున్న మేటర్ అయిపోతుంది. డబ్బా చుట్టూ తిరిగే కాగితం మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే, కొనేవాడు "పాపం, వీళ్లకి చెప్పుకోడానికేం లేదు" అనుకుంటాడు. అందుకని లేస్తూ లేస్తూ "మిగతాది మీరే చూడండి" అంటారు. చూడ్డమంటే రాయడమని ఇద్దరికీ తెలుసు.

పచ్చ డబ్బా కూడా అలా పుట్టిందే. దాని యజమానిని అందరూ పొడులాయన అంటారు. అంతకుముందు కుర్చీలకి ప్లాస్టిక్ తొడుగులు అమ్మేవాడు. జనం కూర్చోవడం తగ్గించారో, తొడుగులే చిరగడం మానేశాయో, మొత్తానికి ఆ వ్యాపారం మానేసి ఏవో ఆకులు ఎండబెట్టి పొడి కొట్టించాడు.

"దేనికి పనిచేస్తుందండీ ఇది?" అని అడిగాడు లేబుళ్లాయన.

"దేనికి పనిచెయ్యదో చెప్పండి చూద్దాం" అన్నాడు పొడులాయన.

డబ్బాకి పచ్చరంగు వేసింది ప్రకృతి మీద ప్రేమతో కాదు. ఆ నెల పచ్చ సిరా మిగిలిపోయింది. పైన ఓ మూల మైక్రోస్కోపు బొమ్మ పెట్టాడు, అది ఓ కళ్లజోళ్ల దుకాణం కరపత్రం కోసం గీయించింది. కింద "పూర్వీకుల జ్ఞానం, నేటి విజ్ఞానం" అని వేశాడు. కొందరు మొదటి ముక్క చూసి కొంటారు, కొందరు రెండోది చూసి కొంటారు, ఇద్దరూ ఒకే కొట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కొంటారు. ఆ పక్కన "నూటికి తొంభై ఏడుగురిలో గుణం కనిపించింది" అని రాశాడు. తొంభై తొమ్మిదంటే నమ్మరు. తొంభై అయిదంటే బేరం ఆడినట్టుంటుంది. తొంభై ఏడంటే ఎవరో పాపం కళ్లజోడు పెట్టుకుని కూర్చుని లెక్క తేల్చినట్టుంటుంది.

ఇంత రాసినా కింద మూడు వేళ్ల ఖాళీ మిగిలింది. బుర్ర గోక్కుని, "ఇది వాడేవారికి మాత్రలతో పనిలేదు" అని కొట్టాడు. అక్షరం ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. అంచు నుంచి అంచుకి సరిగ్గా అతికినట్టు కూర్చుంది. ఆ కూర్చోవడం చూసి ముచ్చటపడి అచ్చుకిచ్చేశాడు. ఆ వాక్యం గురించి అతను చేసిన ఆలోచన మొత్తం అంతే.

అతనింట్లో నలుగురు. అతను, భార్య, కాలేజీలో సైన్సు చదువుతున్న కూతురు, అత్తగారు. అత్తగారు మొదట్లో "ఎనిమిదో తరగతి అల్లుడు దొరికాడు" అని చుట్టాల దగ్గర కుమిలిపోయేది. కొన్నాళ్లకి కుమలడం మానేసి నేరుగా మొహం మీదే అనడం మొదలుపెట్టింది. అతనికి అదే నచ్చింది. ఆ ఇంట్లో అతనితో మొహం మీద మాట్లాడేది ఆవిడొక్కతే. ఓసారి మిషనులో వేలు పడి నలిగి ఇంటికొస్తే భార్య ఏడుస్తూ కూర్చుంది. కంచంలో అన్నం కలిపి నోట్లో పెట్టింది అత్తగారు. "నాలుగు ముక్కలు చదువుకునుంటే వేలు నిలిచేది" అని తిడుతూనే పెట్టింది.

ఆవిడకి రక్తపోటు. చాలా ఏళ్లుగా మాత్ర వేసుకుంటోంది. అలాంటిది ఓ రోజు పొద్దున వంటింట్లోంచి గ్లాసు పట్టుకుని వస్తూ గోడ పట్టుకుని ఆగిపోయింది. గ్లాసు జారి కింద పడింది. ఏమైందని అడిగితే మాట ముద్ద ముద్దగా వచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి గాలి విసిరితే కాసేపటికి తేరుకుంది. మాత్ర ఇద్దామని లేబుళ్లాయన అలమరా తీశాడు. మాత్రల అట్ట చెక్కుచెదరకుండా ఉంది.

"అత్తయ్యా, మాత్రలు మానేశారా?"

"మానేశాను. మానేసి బతికిపోయాను."

"బతికారా? ఇప్పుడే గోడ పట్టుకున్నారు!"

"ఒంట్లో చెడంతా పోయేటప్పుడు అలాగే ఉంటుందట. మావాడు చెప్పాడు."

మావాడంటే ఆవిడ కొడుకు, లేబుళ్లాయనకి బావమరిది. రెండు వీధుల అవతల ఉంటాడు, సెల్ ఫోన్ల దుకాణం. దుకాణంలో ఫోన్లకన్నా అభిప్రాయాలు ఎక్కువ. ఆవిడ పక్కన మంచం మీది దిండు కింద చెయ్యి పెట్టి డబ్బా తీసింది. పచ్చ డబ్బా. గర్వంగా తిప్పి అడుగు భాగాన వేలు పెట్టి చూపించింది.

"ఇది వాడేవారికి మాత్రలతో పనిలేదు. చదువుకోండి. ఇంగ్లీషులో లేదుగా?"

పోలీసులు తీసుకొచ్చిన దొంగలో కన్నకొడుకుని గుర్తుపట్టినవాడిలా అయిపోయాడు లేబుళ్లాయన.

"అది నేనే రాశాను అత్తయ్యా."

"రాయలేదు, అచ్చు వేశారు."

"అచ్చూ నేనే, రాతా నేనే. ఖాళీ మిగిలిందని నింపాను. దానికి వెనకా ముందూ ఏమీ లేదు."

ఆవిడ అతని వంక జాలిగా చూసింది. "అల్లుడుగారూ, కరెంటాఫీసుకి అర్జీ రాయాల్సొస్తే పక్కింటాయన్ని పిలిచారు. మీరు సైన్సు రాశారా?"

బలవంతాన ఆటో ఎక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు చేతికి పట్టీ చుట్టి గాలికొట్టి చూశాడు. మళ్లీ చూశాడు. కళ్లజోడు తీసేసి, "అమ్మా, రేపట్నుంచి మాత్ర వేసుకోకపోతే నేను చేసేదేం ఉండదు. నోరు పడిపోవచ్చు, చెయ్యి పడిపోవచ్చు, మనిషే పడిపోవచ్చు" అన్నాడు. ఆవిడ తాపీగా చీర కొంగు సర్దుకుని, "మీకు కడుపు మండడం సహజమే లెండి. అందరూ పొడి తాగితే మీ దగ్గరికెవరొస్తారు?" అని లేచింది.

సాయంత్రానికి బావమరిది దిగాడు. వస్తూనే చెప్పులు విప్పకుండా మొదలెట్టాడు.

"ఏంటి బావా, అమ్మని భయపెడుతున్నావంట?"

"ఒరేయ్, ఆ డబ్బా మీద రాసింది నేనేరా! నా మాట విను."

"తీర్పు టైపు చేసినవాడు నేనే జడ్జీనంటే ఎలా ఉంటుంది బావా? మన వాళ్ల జ్ఞానాన్ని ఇన్నాళ్లూ తొక్కిపెట్టింది ఇలాంటి మాటలే. ఇంతా చేసి తొక్కింది బయటివాళ్లు కాదు, మనింట్లో వాళ్లే."

"నీ జ్ఞానం నిన్నటిదాకా కుర్చీ తొడుగులు అమ్మిందిరా."

"అదీ కుట్రే. ఆయన్ని తొడుగులమ్ముకునే స్థితికి తెచ్చిందెవరు?"

కూతురు తన గదిలోంచి విసురుగా వచ్చింది. "మావయ్యా, స్టడీ ఉందా? ఎంతమంది మీద చేశారు? ఎక్కడ అచ్చయింది?"

"డబ్బా మీదే అచ్చయింది. తొంభై ఏడు. కళ్లు లేవా?"

"ఆ తొంభై ఏడు కూడా నేనే వేశాను" అన్నాడు లేబుళ్లాయన. ఎవరూ వినలేదు. కూతురు ఆవేశంతో గొంతెండిపోయి చేతిలో ఉన్న నల్ల సీసా మూత తిప్పి రెండు గుటకలు తాగింది. ఆ సీసాలో నీళ్లే ఉంటాయి, ఖరీదు మాత్రం నీళ్లలా ఉండదు. "కణకణానికీ తేమ, ప్రయోగశాలలో రుజువు" అని దాని మీద వెండి అక్షరాలు. అవి చూసేసరికి లేబుళ్లాయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"తల్లీ, అదీ నేను రాసిందేనమ్మా."

కూతురు సీసా కిందకి దించింది. లేబుల్ చూసింది, తండ్రిని చూసింది. "ఇది వేరు నాన్నా" అంది చివరికి. "ఇది సైన్సు."

"రెండూ ఒకే వారం మిషనెక్కాయి."

"నువ్వు రాసుండొచ్చు నాన్నా. కానీ నీకు తెలియకుండానే నిజం రాసుంటావు."

"చూశావా, అమ్మాయే ఒప్పుకుంది!" అని బావమరిది చంకలు గుద్దుకున్నాడు. "బావ తెలియకుండా నిజాలు రాసేస్తాడు."

భార్య అప్పటిదాకా టీవీ చూస్తోంది. టీవీలో నలుగురు ఒకేసారి అరుస్తున్నారు, అక్కడా దాదాపు ఇదే. "ఏమండీ, వాళ్లని కాస్త మెల్లగా అరవమనండి. టీవీలో వీళ్ల మాటలు వినబడట్లేదు" అంది.

కూతురు ఊరుకోలేదు. అమ్మమ్మ సంగతి చెబుతూ డబ్బా పట్టుకుని వీడియో తీసి ఫోనులో పెట్టేసింది. తెల్లారేసరికి అది ఊరంతా తిరిగింది. చదువుకున్న అహంకారం అని కొందరు, మూఢనమ్మకం అని కొందరు, ఈ పిల్ల ఏ పార్టీ అని కొందరు, ఆ చొక్కా ఎక్కడ కొన్నావని కొందరు. ఆ ముసలావిడ మాత్ర వేసుకుందా లేదా అని ఒక్కరూ అడగలేదు. వారం తిరక్కుండా కొట్లలో పచ్చ డబ్బా దొరకడం మానేసింది. పొడులాయన ప్రెస్సుకి ఫోను చేసి, "ఆ పిల్లెవరో గానీ చల్లగా ఉండాలండీ, ఇంకో దఫా లేబుళ్లు వెయ్యండి" అన్నాడు.

అత్తగారు మాత్రం నానాటికీ మెత్తబడిపోతోంది. తిట్లు తగ్గాయి. అన్నిటికన్నా అదే అతన్ని భయపెట్టింది. ఓ మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే, ఇతన్ని చూసి ఏదో అనబోయి, ఆ మాట గుర్తు రాక, ఊరికే చెయ్యి ఊపింది. అతను సగంలో కంచం దగ్గర్నుంచి లేచి ప్రెస్సుకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

నోటితో చెబితే ఆవిడ నమ్మదు. డాక్టరు చెబితే నమ్మదు. ఆవిడ నమ్మేది ఒక్కటే ఉంది, అది అతని చేతిలోనే ఉంది. మొదట "ఇదంతా అబద్ధం" అని కొట్టాడు. చూస్తే అతనికే నమ్మకం కలగలేదు. తుడిచేశాడు. తన పాఠకుల సంగతి అతనికి బాగా తెలుసు. మామూలు మాటలైతే మామూలు మనిషి రాశాడనుకుంటారు. కాసేపు కళ్లు మూసుకుని చిన్నప్పటి పంతులుగారి గొంతు గుర్తు చేసుకుని ఇలా కొట్టాడు:

"సరికొత్త పరిశోధన. వైద్యుడు ఇచ్చిన మాత్ర మానినచో ఇందలి మూలికాశక్తి నిద్రించును. మాత్రతో కలిసినప్పుడే మేల్కొనును."

చుట్టూ ఎర్ర నక్షత్రం పెట్టాడు. పాత వాక్యం తీసి దీన్ని కూర్చోబెట్టాడు. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుందని రెండే రెండు లేబుళ్లు అచ్చుకొట్టి, కత్తిరించి, ఇంటికొచ్చి, ఆవిడ నిద్రపోతుంటే దిండు కింద నుంచి డబ్బా తీసి పాతది వేడినీళ్ల గుడ్డతో ఒలిచి కొత్తది అంటించాడు. బుడగ లేకుండా అంటించాడు. ఆ పని అతనికి వచ్చు.

ఆవిడ లేచి పొడి కలుపుకోబోతూ నక్షత్రం చూసింది. కళ్లజోడు పెట్టుకుని పెదాలు కదుపుతూ చదివింది. మళ్లీ చదివింది.

"ఏమే, ఇలా రా!" అని లేబుళ్లాయన భార్యని పిలిచింది. "చూడు ఎంత నిజాయితీపరులో! ఉన్నదున్నట్టు చెప్పేశారు. శక్తి నిద్రపోతోందటే. అందుకే నాకు ఈ నీరసం! మాత్రల అట్ట ఎక్కడ పెట్టారు?"

ఆ వారమంతా ఆవిడ మాత్రా వేసుకుంది, పొడీ తాగింది. మూడో రోజుకి మాట తేటపడింది. వారం చివరికి, "అల్లుడుగారూ, ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్లయింది, మీ మిషను తుడుచుకుంటున్నారా దాంతో?" అని అరిచింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సిరా పడిందని చెప్పి తుడుచుకున్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆదివారం బావమరిది తన డబ్బా చంకన పెట్టుకుని వచ్చాడు. తల్లి డబ్బా మీద నక్షత్రం చూసి కొయ్యబారిపోయాడు.

"అమ్మా, ఇది నకిలీ!"

"నకిలీయా?"

"నా దాని మీద మాత్రలతో పనిలేదని ఉంది. నీ దాని మీద మాత్ర వేసుకోమని ఉంది. అర్థమైందా? మందుల కంపెనీలు దొంగ డబ్బాలు దింపాయి! నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా, ఇంకా ఎందుకు దింపలేదా అని!"

"ఒరేయ్, కొత్త రకమేమోరా" అన్నాడు లేబుళ్లాయన.

"నువ్వాగు బావా. నీకు అచ్చు తప్ప ఏం తెలుసు?"

అత్తగారు రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టుకుంది. చేతిలో ఉన్న మాత్రని తిరిగి అట్టలోకి కుక్కింది. "ఏది అసలో తేలేదాకా మాత్ర ముట్టను" అంది. ఆవిడ ముట్టనంటే ముట్టదు.

లేబుళ్లాయన చెప్పుల్లో కాలు పెట్టి పొడులాయన గిడ్డంగికి పరిగెత్తాడు. అక్కడ నలుగురు ఆడవాళ్లు గరిటెలతో డబ్బాల్లో పొడి పోస్తున్నారు. పొడులాయన ముక్కుకి గుడ్డ కట్టుకుని నిలబడ్డాడు, తన సరుకు తన ముక్కులోకి పోకుండా. జరిగింది విని గుడ్డ కిందకి లాగాడు.

"అంటే నా డబ్బా మీద నన్నడక్కుండా రాశారు?"

"ఎప్పుడూ అడక్కుండానేగా రాసింది" అన్నాడు లేబుళ్లాయన. "చూడండి, రేపు మా అత్తయ్యకి ఏదైనా అయితే నేను ఊరుకోను. ప్రతి కొట్టు ముందూ నిలబడి ఇందులో ఏముందో అరుస్తాను."

"ఏముంది ఇందులో?"

అది లేబుళ్లాయనకీ తెలియదు. ఆ మాటకొస్తే గరిటెలు పట్టుకున్న ఆడవాళ్లకీ తెలిసినట్టు లేదు.

పొడులాయన నవ్వలేదు. లేబుళ్లాయన జేబులోంచి తీసిచ్చిన రెండో లేబుల్ వెలుతుర్లో పెట్టి చదివాడు. చదువుతుండగానే మొహం విప్పారింది. "నిద్రించును" అన్నాడు మెల్లగా. "మేల్కొనును. అబ్బ. అయ్యా, మాత్రలు మానేసి పడిపోయినవాళ్ల బంధువులు ముగ్గురు మొన్న గొడవకొచ్చారు. ఏం చెప్పాలో తెలియక చచ్చాను. ఇది ఉంటే బాధే లేదు. మాత్రతో తగ్గితే మన పొడి మేల్కొంది. తగ్గకపోతే మాత్ర సరిగ్గా వేసుకోలేదు. ఇంత బుర్ర పెట్టుకుని లేబుళ్లేస్తూ కూర్చున్నారేంటండీ? అన్ని డబ్బాలకీ ఇదే వెయ్యండి. నక్షత్రం ఇంకాస్త పెద్దది చెయ్యండి."

నాలుగు రోజుల్లో ఊళ్లో ప్రతి కొట్లోనూ నక్షత్రం డబ్బాలే. బావమరిది ఒకటి కొని విజయగర్వంతో ఊపుకుంటూ వచ్చాడు. "చూశావా బావా! నకిలీల గురించి నేను పెట్టిన ఫిర్యాదు చూసి కంపెనీ దిగొచ్చింది. అసలు పరిశోధన మొత్తం బయటపెట్టారు. అమ్మా, వేసుకో మాత్ర. ఇప్పుడు ఇది మన మాత్ర." కూతురు కూడా నక్షత్రం చదివి, "కనీసం డిస్‌క్లెయిమర్ పెట్టారు, మావయ్య వల్ల కాదు, నా వీడియో వల్ల" అంది. ఇద్దరూ దాని మీద మళ్లీ పోట్లాడుకున్నారు. అత్తగారు ఎవరి వంకా చూడకుండా మాత్ర వేసుకుంది.

మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. పట్టీ చుట్టి చూసి డాక్టరు సంతోషపడ్డాడు. ఆవిడ సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద ఠపీమని పెట్టింది. డాక్టరు మొహం చిట్లించి చదివాడు. చిట్లింపు పోయింది. "ఫరవాలేదే, డాక్టరు మాత్ర మానొద్దని రాశారు. ఇలాంటి బాధ్యతగల కంపెనీలు ఉండాలి" అని డబ్బాని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. మెచ్చుకుంటున్నది లేబుళ్లాయన రాతనే. కృతజ్ఞతలు చెప్పే వీలు మాత్రం లేదు.

మర్నాడు పొద్దున అతను ప్రెస్సుకి బయల్దేరుతుంటే అత్తగారు పిలిచింది. బల్ల మీద రెండు గ్లాసులు. రెండింట్లోనూ పచ్చటి నీళ్లు. పక్కన ఆవిడ మాత్ర.

"కూర్చోండి. ఇన్నాళ్లూ నాకు తట్టనేలేదు. ఆ డబ్బాలకి కాగితం వేసేది మీరే. గిడ్డంగికి వెళ్లొచ్చేది మీరే. మరి మీరెందుకు తాగరు?"

"నాకెందుకత్తయ్యా, నేను బానే ఉన్నాగా."

"బాగున్నారా? పొద్దున లేస్తే అందరి మీదా కస్సుమంటారు. రంగు చూడండి, సిరాలో ముంచినట్టున్నారు." ఆవిడ కళ్లు చిన్నవయ్యాయి. "లేక మీకేమైనా తెలుసా? మీరు తాగట్లేదంటే ఇందులో ఏదో తేడా ఉందన్నమాట. మీరు తాగితే నేను ఈ మాత్ర వేసుకుంటా. లేకపోతే రెండూ మోరీలో పోస్తా."

లేబుళ్లాయన గ్లాసు వంక చూశాడు. "ఏముంది ఇందులో?" అని తిరిగి తననే అడిగిన పొడులాయన మొహం కళ్లముందు మెదిలింది. ముక్కుకి కట్టుకున్న గుడ్డ మెదిలింది. గుమ్మం దగ్గర భార్య చీపురు పట్టుకుని నిలబడి, "తాగేయండీ, ఎందుకీ పేచీ" అంది.

ముక్కు మూసుకుని గటగటా తాగాడు. తడిసిన గోడని నాకినట్టుంది. అడుగున ఇసుకలాంటిదేదో పళ్లకి తగిలింది.

"ఎలా ఉంది?" అంది అత్తగారు.

"బాగుందత్తయ్యా. హుషారుగా ఉంది."

ఆవిడ అతని మొహంలోకి కాసేపు పరీక్షగా చూసింది. తర్వాత మాత్ర నోట్లో వేసుకుని తన గ్లాసులో పచ్చటి నీళ్లు తాగి, ఖాళీ గ్లాసులు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

"రేపట్నుంచి లేవగానే కలిపి ఉంచుతాను" అంది. "మీరు తాగాకే నేను."